బొట్లు తుడిచిన మోటారు

కంకిపాడు,
జనవరి 26

అత్తా,

నిన్న సాయంత్రం ఫోను చేశాను. "ఎవరూ? గ్యాసు వాళ్లా?" అని రెండుసార్లు అడిగి పెట్టేశావు. గ్యాసు వాణ్ణి కాదు, నీ మేనల్లుణ్ణి, సిద్ధార్థని. నీకేమో ఫోనులో మాట వినపడదు. నా దగ్గరేమో ఇప్పుడు బటన్ల ఫోనే ఉంది, అది బొమ్మలు పంపదు. స్మార్ట్‌ఫోను సంగతి నాన్న నీకు చెప్పే ఉంటాడు, తన పద్ధతిలో. బ్యాటరీ చచ్చిపోతే మార్చడం కుదరదు, కొత్త ఫోను కొనుక్కోమన్నారు. కొన్నవాడికి విప్పే హక్కు లేని వస్తువు కొన్నవాడిది ఎలా అవుతుంది? బీరువాలో పడేశాను. కాబట్టి మనిద్దరికీ కాగితమే దిక్కు.

అసలు విషయానికొస్తాను. మా వెనక సందులో, కాలవ గట్టు పక్కన, రామతులసక్క కారం మర గుర్తుందా? ఆవిడ మామగారు హనుమయ్య గారు నడిపేవారు. ఆయన పోయాక అక్కే నడుపుకుంటోంది. మొన్న సెప్టెంబరు వానలకి షెడ్డులోకి నీళ్లొచ్చాయి. నీళ్లు మోకాళ్ల దాకా వస్తుంటే నలుగురం కలిసి తీగలు తెంపేసి మోటారుని అటక మీదకి ఎక్కించాం. మోటారు బతికింది. తీగలు ఎక్కడివి ఎక్కడ ఉండేవో ఎవరికీ తెలీదు. ఆరు తీగలు, ఆరూ నల్లవి, మర్రి ఊడల్లా వేలాడుతున్నాయి.

ఇది అమెరికాలో తయారైన మోటారు. ఒకప్పుడు మిషన్ ఆస్పత్రిలో బట్టలుతికే యంత్రానికి ఉండేదట. ఆస్పత్రి వాళ్లు వేలం వేస్తే హనుమయ్య గారు పాడుకున్నారట. రేకు మీద 115 / 230 అని ఉంది. ఒక మోటారుకి రెండు వోల్టేజీలేంటి?

వైండింగు షాపు నతానియేలు చూసి, "పాత ఇనుముకి వేసెయ్యండి" అన్నాడు. బాగుచేసుకునే హక్కు గురించి నేను చదివిన కరపత్రం మొత్తం వాడికి అప్పజెప్పాను. అరుపుల దాకా వెళ్లింది. కొత్త మోటారు పెట్టాలంటే దిమ్మె పగలగొట్టాలి, త్రీ ఫేజు లైను తెచ్చుకోవాలి. అది అక్క వల్ల అయ్యే పని కాదు. అక్క తమ్ముడు దత్తాత్రేయకి హనుమాన్ జంక్షన్‌లో కారం ప్యాకెట్ల ఏజెన్సీ ఉంది. ఉగాది తర్వాత మరని గోడౌను చేసేసుకుంటాడట. అక్క అక్కడే కూర్చుని ప్యాకెట్లు తూచాలట. తన మరలో తనే కాపలా మనిషి!

నేనూరుకోలేదు. "ఉగాదికల్లా ఈ మోటారు తిరక్కపోతే కరపత్రాలు చదవడం మానేస్తాను" అని సందులో అందరి ముందూ అన్నాను. దత్తాత్రేయ నవ్వి, "అయితే కామ్రేడ్ గారూ, తిరిగినా లాభమే, తిరక్కపోయినా లాభమే" అన్నాడు.

నువ్వు ఫిజిక్సు ల్యాబులో అన్నేళ్లు చేశావు. చెప్పు.

సిద్ధూ


సత్యనారాయణపురం, విజయవాడ
ఫిబ్రవరి 1

ఒరేయ్ సిద్ధూ,

గ్యాసు వాడు నీకంటే నెమ్మదిగా మాట్లాడతాడు, అందుకే వాడి మాట కొంచెం అర్థమవుతుంది. నీ ఉత్తరం మాత్రం నీ గొంతులాగే ఉంది. చదువుతుంటే చెవులు మూసుకోవాలనిపించింది. నాకా అవసరం లేకపోయినా.

నీ ప్రశ్న మంచిది. ఆ మోటారు లోపల పనిచేసే తీగచుట్ట ఒకటి కాదు, రెండు సగాలు. ఒక్కో సగం 115 వోల్టులకి చుట్టినది. అమెరికా ఇళ్లలోకి వచ్చే కరెంటు సుమారు అంతే. అక్కడ రెండు సగాలనీ పక్కపక్కన కలుపుతారు, ఒక్కోదానికీ పూర్తిగా 115 అందుతుంది. మనకి వచ్చేది దానికి రెట్టింపు. అందుకని ఇక్కడ ఒకదాని తోక రెండోదాని తలకి కట్టాలి, వరసగా. అప్పుడు బరువు చెరిసగం మోస్తాయి. పొరపాటున ఇక్కడ అమెరికా పద్ధతిలో కలిపావో, రెండూ మాడి బొగ్గవుతాయి.

ఇవి రెండు జతలు, నాలుగు తీగలు. మూడో జత స్టార్టింగు చుట్టది. నిలబడ్డ బండిని ఎవరో ఒకరు ముందు తొయ్యాలి కదా, అది ఆ పని చేసి తప్పుకుంటుంది. నీ ఆరు తీగల లెక్క అదీ.

ముందు ఏ రెండు తీగలు ఒక జతో తేల్చు. మీటరు ఎవరినైనా అడుగు. కరెంటు మాత్రం పెట్టకు. తీగల మీద ఏమైనా గుర్తులున్నాయేమో చూడు: అంకెలు, రంగు దారాలు, గాట్లు, ఏదైనా సరే. పాతకాలం వాళ్లు గుర్తు పెట్టుకోకుండా ఏదీ విప్పరు.

మీ నాన్నకి నేను బాగానే ఉన్నానని చెప్పు.

హైమత్త


కంకిపాడు,
ఫిబ్రవరి 7

అత్తా,

గుర్తులేమీ లేవు. మొదటి రోజే శుభ్రం చేసేశాను. నువ్వు చూస్తే ముక్కు మూసుకునేదానివి. ఏటా దసరాకి ఆయుధపూజ అని పసుపు, కుంకుమ, గంధం, దాని మీద సాంబ్రాణి మసి, ఆ పైన కారం. ఏళ్ల తరబడి మూఢనమ్మకం అట్టలు కట్టింది. తీగల చివర్ల దాకా బొట్లే! థిన్నరు ముంచిన గుడ్డతో రుద్ది రుద్ది తళతళలాడించాను. రుద్దుతూనే చుట్టూ చేరినవాళ్లకి చెప్పాను, మోటారుని తిప్పేది అయస్కాంత క్షేత్రం, అమ్మవారు కాదని. రామతులసక్క వింటూ నిలబడింది.

నా స్నేహితుడు సాత్విక్ దగ్గర మీటరు తెచ్చాను. ఒక జత దొరికింది. రెండో జత కూడా దొరికింది. రెండింటికీ మీటరులో దాదాపు ఒకటే అంకె, ఒక ఓముకి కాస్త అటూ ఇటూ. నీ రెండు సగాలూ ఇవే అన్నమాట. మిగిలిన రెండు తీగలూ చచ్చిపోయాయి. మీటరు పెడితే ఒక్క క్షణం ఏవో అంకెలు పరిగెత్తాయి, అంతే, ఆ తర్వాత ఏమీ లేదు. లోపలెక్కడో తెగినట్టుంది. నతానియేలు చెప్పిందే నిజమైతే నేను వాడి షాపు ముందు నుంచి నడవలేను. చుట్టూ తిరిగి సినిమా హాలు వైపు నుంచి పోవాలి.

కోపంగా ఉంది. ఎవరి మీదో తెలీదు.

సిద్ధూ


విజయవాడ
ఫిబ్రవరి 12

సిద్ధూ,

నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "తీగల చివర్ల దాకా బొట్లే."

ఒరేయ్, బొట్టు ఎక్కడ పెడతార్రా? గడపకి పెడతారు, తలుపుకి పెడతారు. మోటారుకైతే నుదురనుకున్న చోట ఒకటి పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. వేలాడే ఒక్కో తీగ చివరా వెతికి మరీ ఎవరు పెడతారు? అమ్మవారికి ఆరో నంబరు తీగతో ఏం పని? అన్ని తీగలకీ ఒకేలా ఉన్నాయా? ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు అలా ఉన్నాయా? వెళ్లి రామతులసిని అడుగు. అడిగేటప్పుడు ఉపన్యాసం ఇవ్వకు.

ఇక చచ్చిపోయిన తీగల సంగతి. చచ్చిపోయిన తీగ మీద అంకెలు పరిగెత్తవు, ఒక్క క్షణం కూడా. మోటారు వీపు మీద మూపురంలాంటి డబ్బా ఉందా? అది కెపాసిటరు. స్టార్టింగు చుట్టకి అది అడ్డంగా వరసలో ఉంటుంది. మీటరు పంపే కరెంటుని కొంచెం మింగి తలుపేసుకుంటుంది. నీకు కనపడ్డ పరుగు అదే. ముందు ఆ డబ్బా రెండు కొనలకీ ఒక బల్బు తగిలించి దాని కోపం తీర్చు. అది కోపం లోపల దాచుకునే జాతి, నీకు అర్థమవుతుందిలే. తర్వాత దాన్ని ఊడదీసి, అది ఉన్న చోట రెండు కొసలూ కలిపి మళ్లీ కొలువు.

హైమత్త


కంకిపాడు,
ఫిబ్రవరి 17

అత్తా,

మూడో జత బతికే ఉంది! డబ్బా తీసేసి కొలిస్తే అంకె వచ్చింది, ఆ సగాలకంటే ఎక్కువ, మూడు చిల్లర. కాబట్టి అది స్టార్టింగు చుట్టే. మొత్తం ఆరు తీగలూ జతలు దొరికాయి. సందులో ఒక చుట్టు పరిగెత్తి వచ్చాను.

ఇంక రెండో సంగతి. రాయాలని లేదు, రాస్తున్నాను. రామతులసక్కని అడిగాను. "అవును తమ్ముడూ, మా మామగారు విప్పిన ప్రతిసారీ గుర్తుకి పెట్టేవారు. ఒకదానికి ఒక బొట్టు, ఒకదానికి రెండు. ఒకటికి పసుపు మాత్రమే. దసరాకి మళ్లీ దిద్దేవారు, చెరిగిపోకుండా" అంది. దేనికి ఎన్నో మాత్రం ఆవిడకి గుర్తు లేదు.

"మరి నేను తుడుస్తుంటే చెప్పొద్దా అక్కా?" అన్నాను.

"నువ్వు ఉపన్యాసం ఇస్తున్నావు కదా. మధ్యలో మాట్లాడితే బాగోదని."

అత్తా, హనుమయ్య గారు నంబర్లు వేసుకున్నారు. నేను ఆ నంబర్లన్నీ తుడిచిపారేసి, సైన్సు గురించి చెప్పాను. నవ్వకు. నవ్వుతున్నావని తెలుసు.

అయినా నా సిద్ధాంతం తప్పు కాదు. మోటారుని అమ్మవారు తిప్పదు. గుడ్డ పట్టే ముందు చూడాల్సింది, అంతే.

ఇప్పుడేం చెయ్యాలి? రెండు సగాలూ తెలుసు, కానీ దేనికి ఏది తల, ఏది తోక?

సిద్ధూ


విజయవాడ
ఫిబ్రవరి 22

సిద్ధూ,

నవ్వాను. పక్కింటి శాంభవి ఏమైందో అని పరిగెత్తుకొచ్చింది. ఈమధ్య మా ఇంట్లో నవ్వు వినపడడం తక్కువట.

తల, తోక తేల్చడానికి ఒక మంచి పద్ధతి ఉంది. దానికి చెవులక్కర్లేదు, కళ్లు చాలు. అందుకే నాకిష్టం. పాతకాలపు గుండు బల్బు ఒకటి కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. పెద్దది, రెండొందల వాట్లది. హనుమాన్ జంక్షన్ వైపు కోళ్ల ఫారాల్లో పిల్లలకి వెచ్చదనం కోసం పెడతారే, అది. రెండు సగాలనీ వరసగా కట్టు. ఆ వరసలోనే బల్బు కూడా పెట్టు. మూడో జత చివర్లకి టేపు చుట్టి పక్కన పెట్టు. చేతులు తీసేశాకే స్విచ్ వెయ్యి. కాళ్లకి చెప్పులుండాలి.

ఒక రోట్లో ఇద్దరు ఆడవాళ్లు కారం దంచడం చూశావా? వరస కుదిరితే ఒకరి రోకలి పైకి లేచేటప్పుడు ఇంకొకరిది దిగుతుంది, పని సాగుతుంది. వరస తప్పితే రోకళ్లు కొట్టుకుని ఇద్దరి బలమూ వృథా. చుట్టలూ అంతే. సరిగ్గా కలిస్తే రెండూ కలిసి కరెంటుని గట్టిగా నిలవరిస్తాయి, బల్బు మినుకుమంటుంది. ఎదురెదురుగా కలిస్తే ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి, అడ్డు ఉండదు, బల్బు భగ్గున వెలుగుతుంది. అంటే వెలుతురు ఎక్కువైతే తప్పు, తక్కువైతే ఒప్పు. నీలాంటి వాళ్లకి ఇది నచ్చకపోవచ్చు.

మూడో జత ఎక్కడ కట్టాలో ఇప్పుడు చెప్పను. నాకు ఒక అనుమానం ఉంది, పాత పుస్తకాలు అటక మీదున్నాయి, దింపించి చూడాలి. ఊహ మీద చెబితే పేలేది నీ మొహం దగ్గర. నేను రాసేదాకా దాన్ని ముట్టుకోకు.

హైమత్త


కంకిపాడు,
మార్చి 2

అత్తా,

ముట్టుకున్నాను.

బల్బు పని బాగానే అయింది. రామతులసక్క బల్బు పట్టుకుంది. మొదటిసారి భగ్గుమంది. తీగలు మార్చి కట్టాక మినుకుమంది, పూజగదిలో దీపమంత. అక్క "ఇదే, ఇదే" అంది. ఆ ముడికి అక్కడే టేపు చుట్టేశాం. అక్కడితో ఆగాల్సింది.

అప్పుడొచ్చాడు దత్తాత్రేయ. చేతిలో కొలిచే టేపు. అక్క లోపల ఉండగానే, మర తిరగలి పక్కనే నిలబడి, ర్యాకుల కోసం గోడలు కొలవడం మొదలుపెట్టాడు. "కామ్రేడ్ గారూ, కాస్త ఆ మోటారు జరుపుతారా, ఈ మూల కొలవాలి" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మూడో జతని నేరుగా మెయిన్ లైను రెండు తీగలకీ కట్టి స్విచ్ వేశాను.

తిరిగింది అత్తా. నిజంగా తిరిగింది. దత్తాత్రేయ టేపు వదిలేశాడు. నేను చెయ్యి పైకెత్తి ఏదో అనబోతున్నాను. ఢాం అని డబ్బా పేలింది. గదంతా తెల్ల కాగితం ముక్కలు, నూనె, పొగ. రామతులసక్కే పరిగెత్తి మెయిన్ కట్టేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. దత్తాత్రేయ కాటా కిందకి దూరాడు, మామూలు రోజైతే అది చూసి ఆనందించేవాణ్ణి.

అక్క కాగితం ముక్కలు ఊడుస్తూ, "చాలు తమ్ముడూ. ఉన్న కప్పు కూడా ఎగిరిపోకముందే ఆపుదాం" అంది. కోప్పడినా బాగుండేది.

నా దగ్గరున్న కరపత్రాలన్నీ కట్ట కట్టి పెట్టాను.

సిద్ధార్థ


విజయవాడ
మార్చి 6

సిద్ధూ!

తిరిగిందా? నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అక్కడే ఆగాను. తిరిగిందిరా వెర్రివాడా! తిరిగిన మోటారుకి చుట్టలన్నీ బాగున్నట్టే. నీ రెండు సగాల ముడి సరైనదే. పేలింది కెపాసిటరు, బజారులో దొరికే డబ్బా. దానికోసం ఎవరైనా మరని మూసుకుంటారా?

ముందు తిట్టాలి, తిడుతున్నాను. నువ్వు కళ్లజోడు పెట్టుకోవు, చెప్పులు కూడా వేసుకుని ఉండవు. ఆ రేకు డబ్బా ఇంకో వైపు పేలి ఉంటే నేనీ ఉత్తరం ఎవరికి రాయాలి? అయిపోయింది, తిట్టడం.

పుస్తకం దింపించాను. నా అనుమానం నిజమే. ఆ స్టార్టింగు చుట్ట, దాని డబ్బా రెండూ 115కే. నువ్వు మొత్తం 230 దాని నెత్తిన పెట్టావు. దాన్ని ఒక్క సగానికే జోడించాలి. అంటే దాని ఒక కొస మెయిన్ లైనుకి, రెండో కొస రెండు సగాలూ కలిసే ఆ నడిమి ముడికి. అక్కడ సగం వోల్టేజీయే ఉంటుంది. బొమ్మ వేసి పంపుతున్నాను.

కానీ ఇంకోటి తేలాలి. రెట్టింపు కరెంటు పడినా, మోటారు వేగం అందుకోగానే ఆ చుట్ట తప్పుకోవాలి. తప్పుకుని ఉంటే అంత తొందరగా పేలదు. తప్పుకున్నప్పుడు లోపల 'టిక్' మని చిన్న చప్పుడవుతుంది. వినపడిందా? బాగా గుర్తు తెచ్చుకుని రాయి. ఏమేం చప్పుళ్లు వచ్చాయో వరసగా రాయి. నేనే వచ్చి వినేదాన్ని, కానీ నా చెవుల సంగతి తెలుసుగా. బస్సెక్కి చాలా కాలమైంది. కండక్టరు అడిగింది ఒకటీ నేను చెప్పేది ఒకటీ, వెనక సీటు పిల్లలు నవ్వుకోవడం. చెవి మిషను పెట్టుకుంటే గిన్నెలన్నీ ఒకేసారి నేల మీద పడ్డట్టుంటుంది. తీసి అల్మరాలో పెట్టేశాను. ట్యూషను పిల్లల్ని కూడా మానిపించాను.

అదలా ఉంచు. టిక్ సంగతి రాయి.

హైమత్త


కంకిపాడు,
మార్చి 11

అత్తా,

నీ ఉత్తరం రామతులసక్కకి చదివి వినిపించాను. మొత్తం వింది. తర్వాత, "మీ అత్తయ్యగారు చూడకుండానే తిరిగిందని అంత సంబరపడుతున్నారు. నేను కళ్లారా చూశాను. ఉగాది దాకా అన్నాం కదా, ఉగాది దాకానే" అంది. దత్తాత్రేయ వదిలేసి పోయిన టేపుని మేకుకి తగిలించింది. "వాడొచ్చి అడిగితే ఇద్దాం" అంది.

టిక్ లేదు. కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాను. మొదట హుం అని మూలిగింది. ఆ తర్వాత లేచింది, ఈల వేసినట్టు పెరుగుతూ పోయింది. ఈల కింద ఏదో గరగరమంటూనే ఉంది, ఆగలేదు. తర్వాత పేలడమే. ఇంతవరకూ చప్పుడంటే చప్పుడే అనుకునేవాణ్ణి. రాస్తుంటే ఇన్ని ఉన్నాయని తెలిసింది.

కొత్త డబ్బా కోసం నతానియేలు దగ్గరికే వెళ్లాను, షాపు ముందు నుంచే. నీ బొమ్మ చూపించాను. తిరగేసి మరగేసి చూసి, "అబ్బాయ్, ఆ రోజు పాత ఇనుమన్నది ఇంటికి తొందరగా పోదామని" అన్నాడు. "మీ అత్తయ్యగారికి ఉద్యోగం ఏమైనా కావాలా, మా షాపులో ఇస్తా" అని కూడా అన్నాడు. డబ్బా తనే వెతికిచ్చాడు, 115 మోటారుకి సరిపోయేది.

ఇప్పుడు నా మాట విను. ఇది మేనల్లుడి మాట కాదు, పౌరుడి మాట. చెవి మిషను అల్మరాలో పెట్టడం ఏంటి? బస్సులో నవ్విన పిల్లల కోసం నువ్వు పాఠం మానేశావా? తప్పు నవ్వినవాళ్లది. శిక్ష నీకు, నీ దగ్గర చదువుకునే పిల్లలకి. ఇది అన్యాయం. నువ్వు చేస్తున్న అన్యాయం! పని చేసే యంత్రాన్ని మూలన పడెయ్యడం నేరమని నేను ఊరందరికీ చెబుతున్నాను. మా ఇంట్లోనే ఇలా ఉంటే నేనెవరికి చెప్పను?

సిద్ధూ


విజయవాడ
మార్చి 16

పౌరుడు గారికి,

నా చెవి మిషను అల్మరాలో ఉంది. తమరి ఫోను బీరువాలో ఉంది. మనిద్దరం ఎవరి మీద సత్యాగ్రహం చేస్తున్నట్టు?

కోపం వచ్చింది నీ ఉత్తరం చదివి. పొద్దున్న వచ్చింది, మధ్యాహ్నం దాకా ఉంది. సాయంత్రం అల్మరా తీశాను. ఇంకేం అడగకు.

మోటారు సంగతి. ఆ గరగర, టిక్ లేకపోవడం, రెండూ ఒకటే చెబుతున్నాయి. లోపల ఇరుసు మీద స్ప్రింగు ఉన్న చిన్న మీట ఉంటుంది. మోటారు వేగం అందుకోగానే అది పక్కకి జరిగి స్టార్టింగు చుట్టని విడదీస్తుంది. వాన నీళ్ల బురదో, ఏళ్ల నాటి కారమో, అది ఇరుక్కుపోయింది. తోసినవాడు చెయ్యి తీయకుండా బండితో పాటు పరిగెడుతున్నాడన్నమాట. వెనక మూత విప్పు. బురద దులిపి, రాగి మొనలు సన్న ఉప్పుకాగితంతో రుద్దు. మీట వేలితో నొక్కితే జరిగి, వదిలితే వెనక్కి రావాలి. విప్పే ముందు గుర్తులు పెట్టుకో. దేంతో పెట్టుకుంటావో నీ ఇష్టం.

ఒకవేళ మర వెనక్కి తిరిగితే బెంబేలు పడకు. ఎందుకో, ఏం చెయ్యాలో నేను చెప్పను. ఇప్పటికి నీకే తెలిసుండాలి.

హైమత్త


కంకిపాడు,
మార్చి 27

అత్తా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు. వరసగా చప్పుళ్లే రాస్తాను, నీకవే కావాలి కదా.

మొదట హుం. చిన్నది, గొంతు సవరించుకున్నట్టు. తర్వాత లేవడం. బెల్టు పటపటలాడింది. ఈల పెరిగింది, పెరిగింది, అప్పుడు లోపల 'టిక్'. గోడ గడియారంలో పెద్ద ముల్లు జరిగినంత. రామతులసక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గరగర లేదు. ఆ తర్వాత ఒకటే నున్నటి చప్పుడు, ఎక్కడా గతుకు లేకుండా. చూస్తూ నిలబడ్డాం. డబ్బా మీద చెయ్యి పెట్టాను, చల్లగానే ఉంది.

అప్పుడు అక్క, "తమ్ముడూ, బాణం అటుంది, చక్రం ఇటు తిరుగుతోంది" అంది. మర మీద బాణం గుర్తు ఉంటుంది. మనది వెనక్కి తిరుగుతోంది! నువ్వు చెప్పనన్నావు. ఆపేసి, మెయిన్ కట్టేసి, పది అడుగులు అటూ ఇటూ నడిచాను. ముందు తోసేది స్టార్టింగు చుట్ట. తోసే వైపు మారాలంటే దాని రెండు కొసలూ ఒకదాని చోట ఒకటి పెట్టాలి. అంతే. మార్చాను. బాణం వైపే తిరిగింది. నీకు ఉత్తరం రాయకుండా చేసిన పని ఇదొక్కటే, ఇది పేలలేదు.

అక్క మొదటి పళ్లెం మిరపకాయలు పోసింది. మర గొంతు మారింది, బరువెత్తుకున్న మనిషిలా కాస్త దిగి మళ్లీ నిలబడింది. కింద గుడ్డ సంచిలోకి ఎర్రగా వచ్చింది. సందంతా తుమ్ములు. పనసకాయంత మూటలతో ఆడవాళ్లు వరస కట్టారు, చీర కొంగులు ముక్కులకి చుట్టుకుని.

తీగలకి గుర్తులు పెట్టాం. నేను మా ఇంట్లోంచి మా అక్కయ్య గోళ్లరంగు తెచ్చి చుక్కలు పెట్టాను, థిన్నరు తగిలితే తప్ప పోవు. థిన్నరు సీసా రామతులసక్క దాచేసింది. మోటారు నుదుటన కుంకుమ పెడతానంది. వ్యతిరేకించాను. వరసలో ఉన్నవాళ్ల ఓటింగు పెట్టారు. నాకు ఒక్క ఓటు వచ్చింది, నాదే.

సాయంత్రం దత్తాత్రేయ వచ్చాడు. టేపు కోసమనుకున్నాను. వ్యానులోంచి ఒక బస్తా మిరపకాయలు దింపి గుమ్మంలో పెట్టాడు. "మా ప్యాకెట్లు ఇంట్లో ఎవరూ తినరు అక్కా. ఇది ఇంటికి" అని గొణిగాడు. అక్క బస్తాని కాటా మీద పెట్టించి, "తూచేది నేనే. వరసలో నిలబడు" అంది. నిలబడ్డాడు. నన్ను చూసి, "ఏం కామ్రేడ్ గారూ, చదవడం మానరా ఇంక?" అన్నాడు. కట్ట విప్పేశానని చెప్పాను.

ఈ ఉత్తరం మర పక్కన కూర్చునే రాస్తున్నాను. పట్టిస్తున్నారు ఇంకా.

నీ సిద్ధూ


విజయవాడ
ఏప్రిల్ 1

ఒరేయ్ సిద్ధూ,

కవరు చింపానో లేదో వరసగా తుమ్ములు. కళ్లజోడు ఎగిరిపడింది. మడతల నిండా కారం. చదవక ముందే తెలిసిపోయింది, తిరిగిందని. ఇంత ఘాటు ఉత్తరం నాకు ఎవరూ రాయలేదు.

తుమ్ములు తగ్గాక చదివాను. వెనక్కి తిరిగిన సంగతి దగ్గర కాసేపు కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అందులో చెప్పాల్సిందేమీ నాకు మిగల్లేదు. హాయిగా ఉంది.

చెవి మిషను పదిహేను రోజుల నుంచి పెట్టుకుంటున్నాను. మొదట్లో గిన్నెలు పడ్డట్టే ఉంది. ఇప్పుడు కొంచెం కొంచెం విడిపోతున్నాయి, ఇది కుక్కరు, ఇది కుక్క అని. నిన్న నీ ఉత్తరం ముందు పెట్టుకుని గోడ గడియారం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పెద్ద ముల్లు జరిగింది. వినపడింది. శాంభవి కూతురు సోమవారం నుంచి లెక్కలకి వస్తానంది.

ఆదివారం పొద్దున కంకిపాడు బస్సెక్కుతున్నాను, ఒక్కదాన్నే. కండక్టరు ఏమడిగినా ఊరి పేరే చెబుతాను. సన్న స్క్రూడ్రైవర్లు తెస్తున్నాను, బీరువాలోంచి ఆ ఫోను తీసి సిద్ధంగా పెట్టు. కుదరదని వాళ్లు చెబితే నువ్వు ఒప్పేసుకోవడమేంట్రా, మోటారు విప్పినవాడివి!

రామతులసికి నా మాటగా చెప్పు. ఆదివారం మర తొందరగా మొదలుపెట్టొద్దని. టిక్ మొదట్లో ఒక్కసారే వస్తుంది, తప్పిపోతే మళ్లీ ఆపి వెయ్యాలి. నేను వచ్చి, ఆ మోటారు పక్కన పీట వేసుకుని కూర్చున్నాకే స్విచ్ వెయ్యమను.

హైమత్త